పసిచూపుల పాఠకులు: శిశు ప్రయోగశాలల్లో అండర్‌గ్రాడ్యుయేట్ పరిశోధన

అమెరికా విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర విభాగాల్లో సెమిస్టరు మొదలయ్యే రోజుల్లో తరచుగా కనిపించే ప్రకటన ఒకటుంది. శిశువుల మెదడు, ప్రవర్తనల మీద పనిచేసే ప్రయోగశాలలో అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులకు పరిశోధనావకాశం ఉందని, వారానికి ఎనిమిది పది గంటలు కేటాయించాలని, వీలైతే రెండు సెమిస్టర్లు ఉండాలని, పసిపిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ ఓర్పుగా మెలగాలని అందులో రాసి ఉంటుంది. చేయవలసిన పనుల జాబితా కూడా ఉంటుంది. తల్లిదండ్రులకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్లు కుదర్చడం, వచ్చినవారిని పార్కింగ్ దగ్గర కలుసుకొని లోపలికి తీసుకురావడం, వెంట వచ్చిన అక్కనో అన్ననో ఆడించడం, బిడ్డ నోట్లో పెట్టుకున్న బొమ్మలను కడిగి ఆరబెట్టడం, వీడియోలు కోడ్ చేయడం. ప్రతిఫలం సాధారణంగా కోర్సు క్రెడిట్. జీతం దొరకడం అరుదు.

ఈ ప్రకటనను నేనొక పాఠ్యంగా చదవదలచుకున్నాను. కథలూ కవితలూ చర్చించే చోట ఇదేమిటని కొందరు అనుకోవచ్చు. కానీ ఆ జాబితా చివర, బొమ్మలు కడగడం పక్కనే, దానికున్నంత ప్రాధాన్యంతోనే ఉన్న ‘వీడియోలు కోడ్ చేయడం’ అనే మాట నాకు చిన్నదిగా కనిపించడం లేదు. ఇక్కడ కోడ్ చేయడమంటే కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం కాదు (మన ఇళ్లలో ఆ మాట వినగానే ముందు తట్టేది అదే కాబట్టి చెబుతున్నాను). బిడ్డ ఎటు చూస్తున్నదో, ఎంతసేపు చూసిందో, ఎప్పుడు చూపు తిప్పుకుందో వీడియోలోంచి చదివి నమోదు చేయడం. శిశువుల మనసు గురించి గత అరవై ఏళ్లలో తెలిసిందనుకుంటున్న దానిలో చాలా భాగం ఇటువంటి చదువు మీద నిలబడి ఉంది. మాటలు రాని బిడ్డ ఇచ్చే సాక్ష్యాన్ని తరచుగా మొదట చదివేది ఆచార్యులు కారు, పందొమ్మిదీ ఇరవై ఏళ్ల విద్యార్థులు. ఆ చదవడాన్ని చేతిపనిగా మాత్రమే లెక్కగట్టడం వల్ల విద్యార్థి ఎంత నష్టపోతున్నాడో శాస్త్రమూ అంత నష్టపోతున్నదని నా అభిప్రాయం.

చూపును కొలిచే పద్ధతికి ఆద్యుడుగా రాబర్ట్ ఫాంట్జ్ పేరు చెబుతారు. 1950ల చివరలోనూ 60ల మొదట్లోనూ ఆయన శిశువును ఒక అరలో వెల్లకిలా పడుకోబెట్టి, పైన రెండు బొమ్మలు అమర్చి, చిన్న రంధ్రంలోంచి బిడ్డ కళ్లలోకి చూసేవాడు. కంటిపాప మీద ఏ బొమ్మ ప్రతిబింబం పడితే బిడ్డ ఆ బొమ్మను చూస్తున్నట్టు లెక్క. ఒకదాన్ని ఎక్కువసేపు చూస్తే రెండింటికీ తేడా తెలుస్తున్నట్టే. తర్వాత వచ్చినవారు విసుగును కూడా సాక్ష్యంగా వాడుకున్నారు. ఒకే దృశ్యాన్ని పదేపదే చూపిస్తారు. బిడ్డ చూసే సమయం మొదట్లో ఉన్నదానిలో సగానికి పడిపోయాక కొత్త దృశ్యం చూపిస్తారు. చూపు మళ్లీ నిలిస్తే బిడ్డ ఆ మార్పును గమనించిందని అర్థం. తర్కం ఇంత సులువైనది. చిక్కంతా ‘చూడడం’ అనే మాటలో ఉంది.

నా మేనకోడలు ఇటువంటి ఒక ప్రయోగశాలలో మూడు సెమిస్టర్లు పనిచేసింది. ఒకసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తను చేసే పనిని నాకు వివరించింది. సెకనుకు ముప్ఫై ఫ్రేముల వీడియో. శబ్దం ఉండదు. తెర మీద ఏ బొమ్మ ఉందో కనిపించదు, బిడ్డ ముఖం మాత్రమే కనిపిస్తుంది. ఎడమకు చూస్తే ఒక మీట, కుడికి చూస్తే ఇంకొకటి, ఎటూ చూడకపోతే మరొకటి. ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ పోవాలి. అయిదు నిమిషాల వీడియోకు ఒక పూట పడుతుంది. రెప్ప వేస్తే చూపు తెగినట్టా? కళ్లు ఎడమనుంచి కుడికి జరుగుతున్నప్పుడు కొత్త చూపు ఏ ఫ్రేములో మొదలైనట్టు? నిద్రమత్తులో కళ్లు సగం మూసి తెరవైపే ముఖం పెట్టుకున్న బిడ్డ చూస్తున్నట్టా, లేనట్టా? కొన్నిటికి కోడ్‌బుక్‌లో జవాబుంది. కొన్నిటికి లేదు. లేనిచోట విద్యార్థి ఏదో ఒకటి నిర్ణయించాలి. చివరికి పట్టికలో తేలే తేడా సగటున రెండు మూడు సెకన్లు ఉంటే అది మంచి ఫలితం కిందే లెక్క. ఆ సెకన్లు ఇటువంటి నిర్ణయాల మొత్తం.

పత్రంలో ఇదంతా ఒక వాక్యానికి కుదించుకుపోతుంది. శిక్షణ పొందిన కోడర్లు, ప్రయోగ పరిస్థితి తెలియకుండా, వీడియోలను కోడ్ చేశారని రాస్తారు. కోడర్లు ఎవరు, వారికి ఎక్కడ సందేహం వచ్చింది, ఆ సందేహం ఎలా తీరింది అన్నవి ఉండవు. ఇద్దరు కోడర్ల మధ్య పొంతన ఎంతో తెలిపే ఒక సంఖ్య మాత్రం ఉంటుంది. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా వంటి కొలతలు ఇందుకు పనికొస్తాయి. అయితే పొంతన వేరు, ఒప్పు వేరు. ఒకే గురువు దగ్గర ఒకే తప్పు నేర్చుకున్న శిష్యులిద్దరు ఎప్పుడూ ఏకీభవిస్తూనే ఉంటారు.

కోడర్‌కు పరిస్థితి తెలియకూడదన్న నియమంతో నాకు పేచీ లేదు. లెక్కలు చేస్తుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రం నిజానికి అడిగేవారి తల కదలికలను కనిపెట్టి గిట్ట ఆపుతున్నదని ఆస్కార్ ఫంగ్స్ట్ 1907లో వివరించాడు. ఆశించే ఫలితం తెలిసినవారి కళ్లకు అదే కనిపించవచ్చని అప్పటినుంచీ మనస్తత్వశాస్త్రానికి తెలుసు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లికి నల్లకళ్లద్దాలో హెడ్‌ఫోన్లో పెట్టడం కూడా అందుకే. కానీ ఏ బిడ్డకు ఏ దృశ్యం చూపించారో తెలియకపోవడం ఒకటి, ఈ అధ్యయనం ఏ ప్రశ్న అడుగుతున్నదో, ‘చూడడం’ అన్న దానికి ఈ నిర్వచనమే ఎందుకు పెట్టుకున్నారో తెలియకపోవడం ఇంకొకటి. మొదటిది పద్ధతి. రెండోది క్రమంగా హోదా అయిపోతుంది. కోడింగ్ ముగిశాక కూడా విద్యార్థిని చర్చకు పిలవకపోవడానికి మొదటిదాన్ని సాకుగా చూపడం జరుగుతుంది. నా మేనకోడలు పనిచేసిన చోట వారపు సమావేశం గ్రాడ్యుయేట్ విద్యార్థులకే పరిమితం. అప్పుడు బొమ్మలు కడిగే పని వీళ్లది.

ఈ రంగం పునాదుల్లోనే ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉంది. 1971లో ‘సైన్స్’ పత్రికలో పీటర్ ఐమాస్, ఐనార్ సిక్వెలాండ్, పీటర్ జుశిక్, జేమ్స్ విగొరిటో కలిసి ప్రచురించిన వ్యాసం శిశువుల భాషాగ్రహణం మీద ఆధునిక పరిశోధనకు నాంది. నెల పిల్లలూ నాలుగు నెలల పిల్లలూ ‘బ’, ‘ప’ ధ్వనుల మధ్య తేడాను పెద్దలలాగే రెండు వర్గాలుగా వింటున్నారని, పాలపీకను చప్పరించే వేగాన్ని కొలిచి చూపించారు. ఆ నలుగురిలో పీటర్ జుశిక్ ఆ పని జరిగేనాటికి బ్రౌన్ విశ్వవిద్యాలయంలో అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థి. తర్వాత మూడు దశాబ్దాలు, 2001లో మరణించేవరకు, ఆయన ఆ ప్రశ్ననే వెంటాడాడు. పిల్లలు మాటల ప్రవాహంలోంచి పదాలను ఎలా విడదీసుకుంటారన్న దాని మీద ఆయన చేసిన పని ఇప్పటికీ మౌలికం. అప్పటి ప్రయోగశాలలు చిన్నవి, ఇప్పటివి పెద్దవి, పోలిక సరికాదనవచ్చు. కొంత నిజమే. కానీ అతని పేరు వ్యాసం మీద ఉందంటే, ఒక విద్యార్థి చేసిన పనిని ఆలోచనగా గుర్తించినవారు ఆ గదిలో ఉన్నారని అర్థం.

చదవడంలోని అనిశ్చితి ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ప్రసిద్ధ అధ్యయనం చాలు. 2007లో కైలీ హామ్లిన్, కరెన్ విన్, పాల్ బ్లూమ్ ‘నేచర్’లో ప్రచురించినది. కళ్లు అతికించిన ఒక చెక్కబొమ్మ గుట్ట ఎక్కడానికి ప్రయత్నిస్తుంది. ఒక బొమ్మ దాన్ని పైకి నెడుతుంది, ఇంకొకటి కిందికి తోస్తుంది. తర్వాత ఆ రెంటినీ బిడ్డ ముందు పెడితే, పది నెలల పిల్లల్లో 16 మందికి 14 మంది, ఆరు నెలల పిల్లల్లో 12కు 12 మందీ సాయం చేసినదాన్నే అందుకున్నారు. పసిబిడ్డకు మంచీచెడూ తెలుసునన్న మాట పత్రికలకెక్కింది. 2012లో న్యూజిలాండ్‌లోని ఒటాగో పరిశోధకులు ఒక విషయం ఎత్తిచూపారు. గుట్ట ఎక్కిన బొమ్మ సంతోషంతో ఎగిరెగిరి గంతులేస్తుంది. పిల్లలకు నచ్చినది సాయమా, ఆ గంతులా? ఇది కథకు ఇంకొక పాఠం చెప్పడమే. ఇటీవల ‘మెనీ బేబీస్’ అనే ఉమ్మడి ప్రయత్నంలో 37 ప్రయోగశాలలు కలిసి ఈ ప్రశ్నను మళ్లీ పరీక్షించాయి. పాల్గొన్న పిల్లలు 1018 మంది, లెక్కలోకి తీసుకున్నది 567 మందిని. వారిలో సాయం చేసే, అడ్డుకునే బొమ్మల దృశ్యాన్ని చూసిన పిల్లల్లో సాయం చేసినదాన్ని ఎంచుకున్నవారు 49 శాతం, అంటే నాణెం ఎగరేసినట్టే. దీనితో ఆ ప్రశ్న ముగిసిందని నేననను.

నన్ను ఆపేది మధ్యలో ఉన్న తేడా. 451 మంది పిల్లలు లెక్కలోకి రాలేదు. ఇటువంటి పరిశోధనలో ఇది వింత కాదు. మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఇఇజి అధ్యయనాల్లో వచ్చిన పిల్లల్లో సగం మంది దాకా లెక్కకు రాకపోవడం మామూలే. పిల్లలు ఏడుస్తారు, నిద్రపోతారు, టోపీ లాగేస్తారు, ఏ బొమ్మనూ ముట్టరు. అయితే ఆ ఏడుపు ప్రయోగాన్ని ఆపవలసినంత ఏడుపా, కాసేపు ఊరడిస్తే సరిపోయేదా అని ఆ క్షణంలో చూసి చెప్పేది చాలాసార్లు గదిలో ఉన్న విద్యార్థే. పరిష్కరణ చేసే పండితుడు ఏ ప్రతిని పక్కన పెట్టాడో, ఎందుకు పెట్టాడో పీఠికలో రాస్తాడు. ఇక్కడ పీఠిక రాయదగినవాడికి పీఠిక లేదు. ‘మెనీ బేబీస్’ వంటి ప్రయత్నాల్లోని మేలు ఏమిటంటే, ఇటువంటి నిర్ణయాలకు నియమాలు ముందే అందరికీ కనబడేలా రాసిపెట్టుకుంటారు. రాసిపెట్టుకోవాలంటే, ఎక్కడెక్కడ సందేహం వస్తుందో తెలిసినవారిని అడగక తప్పదు.

ఇక తెలుగువారికి దగ్గరి సంగతి. 1984లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగంలో హిందీ దంత్య ‘త’, మూర్ధన్య ‘ట’ ధ్వనులు వాడారు. వాటితోపాటు అక్కడి సేలిష్ కుటుంబానికి చెందిన ఒక ఆదివాసీ భాషలోని ధ్వనులు కూడా. ధ్వని మారినప్పుడు తల తిప్పితే వెలుతురులో ఒక బొమ్మ జంతువు ఆడుతుందని బిడ్డకు అలవాటు చేస్తారు. ఇంగ్లీషు ఇళ్లలోని ఆరేడు నెలల పిల్లలు ‘త’, ‘ట’ల తేడాను గుర్తించారు. ఏడాది నిండవచ్చేసరికి చాలామంది గుర్తించలేదు. మన వారాంతపు తెలుగు తరగతుల్లో ‘తాత’కూ ‘టాటా’కూ తేడా పలకలేని పిల్లలను చూసినప్పుడల్లా ఈ ప్రయోగం ఎవరో ఒకరు ప్రస్తావిస్తారు, తలుపు మూసుకుపోయిందన్న అర్థంలో. ఆ పరిశోధకులు చెప్పింది అది కాదు. అదే ఏడాది వారే ప్రచురించిన మరో అధ్యయనంలో, హిందీ నేర్చుకోవడానికి చేరిన విశ్వవిద్యాలయ విద్యార్థులను పరీక్షించారు. పసితనంలో కొద్దికాలం హిందీ విని ఆ తర్వాత మరిచిపోయినవారు ఈ తేడాను సులువుగా పట్టుకున్నారు. ఎన్నడూ విననివారిలో ఎక్కువమంది ఏడాది చదివినా పట్టుకోలేకపోయారు. ఒడిలో విన్న భాష ఎక్కడికీ పోలేదన్నమాట.

కనుక అమెరికాలో పుట్టిన తెలుగు బిడ్డ మొదటి రెండేళ్లలో ఏ భాషను ఎప్పుడు వింటున్నదన్నది చిన్న ప్రశ్న కాదు. ప్రయోగశాలలు దీన్ని తల్లిదండ్రులను అడిగి తెలుసుకుంటాయి. వారంలో ఏ రోజు, ఏ గంటలో, ఎవరు, ఏ భాషలో మాట్లాడతారో అడిగి శాతం కడతారు. ఒక భాష తొంభై శాతానికి పైగా ఉంటే ఏకభాషి, రెండు భాషలూ కనీసం పాతిక శాతం చొప్పున ఉంటే ద్విభాషి. ఇవి చాలాచోట్ల వాడుకలో ఉన్న హద్దులు. మధ్యలో పడినవారు పనికిరారు.

నా మేనకోడలు ఒకసారి ఒక తెలుగు తల్లికి ఫోన్ చేసింది. ఆవిడ చెప్పిన జవాబు ఇది: “ఇప్పుడు మా అమ్మావాళ్లు ఉన్నారు కాబట్టి పగలంతా తెలుగేనమ్మా. వచ్చే నెల వాళ్లు వెళ్లిపోతారు. మా అత్తగారువాళ్లు వచ్చేదాకా డే కేర్. అక్కడ ఇంగ్లీషూ స్పానిషూ. వాళ్లొచ్చాక మళ్లీ తెలుగు.” ఈ క్రమం మనకు కొత్తది కాదు. సందర్శకుల వీసా మీద వచ్చినవారికి సాధారణంగా ఉండనిచ్చేది ఆరు నెలలు. మన పిల్లల భాషావాతావరణాన్ని నిర్ణయించేది వారం కాదు, ఇమిగ్రేషన్ అధికారి ఇచ్చిన గడువు తేదీ. ఫారంలో ఇందుకు గడి లేదు. సగటు తీయమన్నారు. తీస్తే ఆ పాప రెండు హద్దులకూ మధ్యలో పడి తప్పుకుంది.

“మామయ్యా, అమ్మమ్మ ఉన్న నెలలనూ లేని నెలలనూ కలిపి సగటు తీస్తే, అలాంటి రోజు ఆ పాప జీవితంలో ఒక్కటైనా ఉంటుందా?” అని అడిగింది నన్ను. అడగవలసినది నన్ను కాదు. ఆ ప్రశ్నలో ఒక పరిశోధనపత్రానికి సరిపడా విషయం ఉందని నాకు అనిపించింది. అంచెలంచెలుగా వచ్చిపోయే భాష, రోజూ కొంచెం కొంచెం వినబడే భాష బిడ్డ చెవిలో ఒకేలా నిలుస్తాయా అన్నది అడగదగిన ప్రశ్నే. ఫోన్ పట్టుకున్న విద్యార్థికి తప్ప ఆ గదిలో ఇంకెవరికీ అది తట్టే వీలు లేదు.

ఇటువంటివే మరికొన్ని చిన్న సంగతులు. కంటి కదలికలను పట్టే యంత్రం నల్లటి కంటిపాపను వెతుక్కుంటుంది. చుట్టూ కాటుక ఉంటే తడబడుతుంది. తలకు రాసిన నూనె ఇఇజి ఎలక్ట్రోడ్లకు చర్మంతో పొత్తు కుదరనివ్వదు. పరారుణ కాంతితో మెదడులో రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతిలో ఒత్తయిన నల్లజుట్టే కాంతిని మింగేస్తుంది. పుట్టువెంట్రుకలు తీయించిన బిడ్డ అయితే ప్రయోగశాలకు పండగే. ఇవి పరికరాల లోపాలని అనడం లేదు. కానీ ‘డేటా నాణ్యత చాలలేదు’ అని పక్కన పెట్టిన వరుసల్లో ఏ ఇళ్ల పిల్లలు ఎక్కువగా ఉంటారో ఊహించవచ్చు. మా అమ్మాయి తెలుగు తల్లులకు ఫోన్లో ముందే చెప్పేదట: “అక్కా, రేపు తలకు నూనె రాయకండి, కళ్లకు కాటుక పెట్టకండి.” ఒకావిడ దిగులుగా, “మరి దిష్టిచుక్క?” అందట. “బుగ్గ మీద ఎంత పెద్దదైనా పెట్టుకోండి.” ఆ బిడ్డ డేటా పనికొచ్చింది. ఈ ఫోన్ సంభాషణ ఏ పత్రంలోని పద్ధతుల విభాగంలోనూ ఉండదు.

ఈ అవకాశం ఎవరికి అందుతున్నదన్నది కూడా చూడాలి. జీతం లేని పని దోపిడీ అనడం తేలిక, చాలావరకు నిజం కూడా. క్రెడిట్ కోసం పనిచేస్తున్నవారు ఆ క్రెడిట్‌కు ఫీజు కడుతున్నారు, అంటే పనిచేయడానికి ఎదురు డబ్బిస్తున్నారు. సాయంత్రాలు హోటల్లో పనిచేసి చదువుకునే విద్యార్థికి వారానికి పది గంటలు ఎక్కడివి? వేసవిలో భృతి ఇచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఆర్.ఇ.యు. కార్యక్రమం ఉంది, మంచిది. అయితే అది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. తల్లిదండ్రుల హెచ్-1బి మీద ఆధారపడి హెచ్-4లో పెరిగిన పిల్లలు, ఇక్కడే బడికి వెళ్లి ఇరవయ్యొకటో ఏట ఆ ఆధారం కూడా పోగొట్టుకోబోయేవారు, అందుకు అర్హులు కారు. గంటకింతని జీతమిచ్చే ఉద్యోగానికీ వారికి అనుమతి లేదు. వారికి తెరిచి ఉన్న తలుపు, విచిత్రంగా, ఆ జీతం లేని క్రెడిటే. అందుకే దాన్ని ఎత్తివేయమని నేను అనలేను. కాకపోతే, డబ్బు ఇవ్వలేని చోట కనీసం ప్రశ్న అడిగే చోటు ఇవ్వాలి.

మన వైపు తప్పు లేదా? ఉంది. మనలో చాలామందికి ప్రయోగశాల అంటే మెడికల్ స్కూలు దరఖాస్తులో ఒక వరుస, ఆచార్యుడినుంచి ఒక సిఫారసు ఉత్తరం. నా మేనకోడలు ఆ మొదటి సెమిస్టరులో చేరినప్పుడు నేను కూడా, “ఎన్ని గంటలు లెక్కలోకి వస్తాయి?” అనే అడిగాను. ఏం చూస్తున్నావని అడగలేదు. గంటలు లెక్కపెట్టుకోవడానికి వచ్చిన విద్యార్థినీ చేతులు లెక్కపెట్టుకునే ప్రయోగశాలనూ కలిపితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మూడు నెలల్లో పని ముగుస్తుంది, ఉత్తరం వస్తుంది, కప్పా బాగుంటుంది.

మూడో సెమిస్టరులో ఆమె ఒక పేజీ రాసి ప్రయోగశాల నిర్వాహకురాలికి ఇచ్చింది. ఇంట్లో ఉండి వెళ్లే పెద్దవాళ్లు ఎవరు, ఏ నెలనుంచి ఏ నెలవరకు ఉన్నారు, వారితో బిడ్డ ఏ భాష వింటుంది అన్న మూడు ప్రశ్నలు. కొన్ని వారాల తర్వాత ఫారం చివర ఒక గడి చేరింది. తెలుగువారికే కాదు, మెక్సికోనుంచీ కొరియానుంచీ అమ్మమ్మలు వచ్చిపోయే ఇళ్లవాళ్లు కూడా దాన్ని నింపుతున్నారట. శాతం మాత్రం పాత పద్ధతిలోనే కడుతున్నారు. ఆ గడిలోని నెలలను ఏం చేయాలో ఇంకా ఎవరూ నిర్ణయించలేదు.